పదిమందిలో ఒకడు: యూదు మతసమాజంలో వ్యక్తి, సంఘం



మాస్టారి పేరున ఏటా జరిగే ఈ స్మారకోపన్యాసానికి ఈసారి నన్ను పిలిచారు. ఇది నాకు దక్కిన గౌరవంగా భావిస్తున్నాను. ఆయన మాకు తర్కశాస్త్రం చెప్పారు. మన శాస్త్రాల్లో పూర్వపక్షం అనే పద్ధతి ఉందని మీకు తెలుసు. ఎదుటివాడి వాదాన్ని ముందుగా, అతను కూడా కాదనలేనంత నిండుగా చెప్పి, ఆ తర్వాతే మన సిద్ధాంతం చెప్పాలి. మాస్టారు ఈ నియమాన్ని పాఠంలోనే గాక బతుకులోనూ పాటించారు. ఆయనతో గట్టిగా విభేదించిన శిష్యులు ఆయన ఇంటికి రాకపోకలు మానలేదు. మానుకోవలసిన పరిస్థితి ఆయన ఎన్నడూ కల్పించలేదు. పరాయి మతం గురించి మాట్లాడేటప్పుడు ఆ మతస్థులు విని, అవును, ఇది మా సంగతే అనేలా మాట్లాడాలని మాకు చెప్పేవారు. ఆ షరతుకు కట్టుబడే ఈ వేళ నా విషయాన్ని మీ ముందు పెడుతున్నాను.

నలుగురితో పాటు నారాయణ అంటాం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనీ అంటాం. రెండు సామెతల్లోనూ ఎత్తిపొడుపే ఉంది. గుంపు వెంట పోయేవాడూ మనకు లోకువే, గుంపును విడిచి నడిచేవాడూ లోకువే. మరి మనిషి ఎలా ఉండాలి? ఈ ప్రశ్నను రెండువేల ఏళ్లుగా వదలకుండా పట్టుకుని, ఒక్కోసారి గొప్పగానూ, ఒక్కోసారి ఘోరంగానూ జవాబు చెప్పిన సమాజం ఒకటుంది. అది మతనిష్ఠ గల యూదు సమాజం. వారి అనుభవంలోంచి నేను తేల్చుకున్నది ఒక్కటే. సంఘం మనిషిని నడత అడగవచ్చు, ఆలోచన అడగకూడదు. నడత అడిగినందుకు బదులుగా అతని వేరు మాటను దాచిపెట్టాలి, అతనికి పీట వేయాలి. ఈ బదులు తీర్చని సంఘానికి నడత అడిగే హక్కు కూడా మిగలదు. దీన్నే అంచెలంచెలుగా చెబుతాను.

1. పదిమంది ఎందుకు?

యూదుల సామూహిక ప్రార్థనకు పదిమంది ఉండాలి. ఆ కూడికను మిన్యాన్ అంటారు. ఆర్థడాక్స్ శాఖ వయసొచ్చిన పురుషులనే లెక్కిస్తుంది, ఉదార శాఖలు స్త్రీలనూ కలుపుకుంటాయి. తొమ్మిదిమంది మహాపండితులు కూడినా తోరా అనే పవిత్రగ్రంథపు చుట్టను బయటికి తీసి సభలో చదవడానికి లేదు. తల్లో తండ్రో పోయిన మనిషి 11 నెలలపాటు కద్దీష్ అనే ప్రార్థన చెప్పాలి. పదిమంది లేనిచోట అదీ చెప్పకూడదు. దుఃఖం అతనొక్కడిదే, దానికి ఆమేన్ అనవలసినవారు మాత్రం తక్కినవాళ్లు. అందువల్ల ఎంతటి దుఃఖంలో ఉన్నా అతను తలుపేసుకుని కూర్చోలేడు. రోజూ జనంలోకి రావలసిందే. జనం కూడా అతని కోసం రావలసిందే.

ఆ ప్రార్థనలోనే మరో ఏర్పాటు ఉంది. అందులో ముఖ్యభాగమైన అమీదాను ముందుగా ఎవరికి వారు నిలబడి, తమ చెవికి మాత్రమే వినిపించేలా, పెదవుల మీదే చెప్పుకుంటారు. అది ముగిశాకే సభ తరఫున ఒకరు పైకి చదువుతారు. తన అవసరాలు తన మాటల్లో చెప్పుకోవడానికీ అందులో చోటుంది. అంటే పదిమంది కూడేది ఒక్కొక్కరూ ఒంటరిగా నిలబడడానికి కూడా.

సా.శ. 200 ప్రాంతంలో రబ్బీ (మతగురువు) యెహూదా హనసీ కూర్చిన మిష్నా వారి ధర్మశాస్త్రానికి మొదటి సంకలనం. అందులో సాక్షులను హెచ్చరించే సందర్భంలో ఒక మాట వస్తుంది. మనిషి ఒకే ముద్రతో ఎన్నో నాణేలు పోస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. దేవుడు ఆదాము అనే ఒకే ముద్రతో మనుషులందరినీ చేసినా ఏ ఒక్కరూ మరొకరిలా ఉండరు. కాబట్టి ప్రతి మనిషీ ఈ లోకం తన కోసమే పుట్టిందన్నంత బాధ్యతతో మెలగాలని దాని తాత్పర్యం. మరణశిక్ష పడగల కేసుల్లో 23 మంది న్యాయాధిపతులు కూర్చునేవారు. అక్కడ ముందుగా చిన్నవారిచేతే అభిప్రాయం చెప్పించాలన్నది నియమం. పెద్దలు ముందు మాట్లాడితే చిన్నవారు దాన్నే అనుసరిస్తారన్న జాగ్రత్త అది. మిష్నాను చర్చిస్తూ తర్వాత వెలసిన తల్మూదు ఇంకో అడుగు ముందుకు వేసి, అందరూ ఒక్కటై దోషి అంటే ఆ ముద్దాయిని విడిచిపెట్టాలన్న అభిప్రాయాన్ని నమోదు చేసింది. ఒక్క నోరైనా ఎదురు చెప్పని సభ సరిగా ఆలోచించి ఉండదని ఆ పండితులకు అనుమానం.

అలాగని అందరూ ఒకేలా ఉండడంలో మేలు లేదనుకోవద్దు. ఒకప్పుడు శవాన్ని సాగనంపే ఖర్చు చావు దుఃఖాన్ని మించిపోయి, బంధువులు శవాన్ని వదిలి పారిపోయేవారట. అప్పుడు రబ్బన్ గమలీయేలు తనను మామూలు నారబట్టల్లో పూడ్చమని చెప్పి దారి చూపాడు. ఈనాటికీ నిష్ఠ గల యూదుల్లో కోటీశ్వరుడికీ కూలివాడికీ అదే తెల్లని బట్ట. ఏ హంగూ లేని ఆ ఒకే తీరు పేదవాడి పరువు కాపాడుతోంది. సంఘం నడత అడగడంలో ఇంతటి దయ కూడా ఉంటుంది.

2. ఓడిన మాటకు పుస్తకంలో చోటు

మిష్నాలో పుటపుటనా తగవే. ఒకరు ఇలా అన్నారు, మరొకరు అలా అన్నారు, పండితులు ఇలా తేల్చారు అని నడుస్తుంది. తేలిపోయాక ఓడిన మాట రాయడం దేనికి? ఆ ప్రశ్నను మిష్నాయే వేసుకుని జవాబు చెప్పింది. రేపు మరో న్యాయసభకు ఆ మాటలో న్యాయం కనిపిస్తే దాన్ని ఆధారం చేసుకోవచ్చునని. మన పూర్వపక్షం ఖండించడానికి నిలబెట్టేది. మిష్నాలో ఓడిన మాట మాత్రం ఎన్నటికైనా గెలవవచ్చునన్న ఆశతో దాచినది. ఈ తేడా గుర్తుంచుకోండి.

హిల్లేల్ శిష్యులు, షమ్మాయ్ శిష్యులు అని రెండు వర్గాలుండేవి. మూడేళ్లు వాదించుకున్నాక ఆకాశవాణి పలికిందని తల్మూదు కథ. రెండు వాదాలూ జీవముగల దేవుని మాటలేనట, ఆచరణ మాత్రం హిల్లేల్ వారి ప్రకారం ఉండాలట. ఎందుకు? వారు నెమ్మదైనవారు. తమ మాటతో పాటు ఎదుటివారి మాటనూ చెప్పేవారు, అదీ తమ మాటకంటే ముందుగా చెప్పేవారు. మాస్టారి శిష్యులకు ఈ కారణం వెంటనే అర్థమవుతుంది. దీనికంటే నాకు విలువైనదిగా తోచిన సంగతి మరొకటి ఉంది. ఏ పెళ్లి చెల్లుతుంది, ఏది చెల్లదు అన్న విషయంలోనే ఆ రెండు వర్గాలకూ తగవుండేది. అయినా పిల్లనిచ్చి పుచ్చుకోవడం వారు మానలేదని మిష్నా చెబుతోంది.

ఇది పాతకాలపు ఆదర్శంగా మిగిలిపోలేదు. 1520–23 మధ్య వెనిస్‌లో డేనియల్ బాంబర్గ్ అనే క్రైస్తవ ముద్రాపకుడు తల్మూదును మొదటిసారి పూర్తిగా అచ్చువేశాడు. నడుమ మూలం, ఒక పక్క రాషీ వ్యాఖ్య, రెండో పక్క తోసఫోత్ వ్యాఖ్యలు. రాషీ 1040–1105 మధ్య జీవించిన ఫ్రాన్స్ పండితుడు. తోసఫోత్ రాసినవారిలో ఆయన మనవలే ఉన్నారు. తాతగారి మాటను అడుగడుగునా ప్రశ్నిస్తారు. తాతా మనవలు ఒకే పుటలో ఎదురెదురుగా కూర్చునే ఆ పద్ధతి ఈనాటికీ మారలేదు. 1565లో యోసెఫ్ కారో ధర్మశాస్త్రం షుల్హన్ అరూఖ్ అచ్చయినప్పుడూ ఇదే జరిగింది. అందులో స్పెయిన్ సంప్రదాయం వారి ఆచారాలకే పెద్దపీట ఉంది. పోలండ్‌లోని క్రాకోవ్ నగరపు రబ్బీ మోషే ఇస్సెర్లెస్ పోటీగా మరో పుస్తకం వేయకుండా, తమవారి ఆచారాలను ఆ పుస్తకానికే టిప్పణులుగా చేర్చాడు. రెండు ఆచారాలు ఒకే పుస్తకంలో కాపురం చేస్తున్నాయి.

యూదుల గుమ్మం చూసినవారికి దీని ఫలితం కంటికి కనబడుతుంది. ద్వారబంధానికి మెజుజా అనే చిన్న గొట్టం బిగిస్తారు. లోపల తోరా వాక్యాలు రాసిన తోలుచుట్ట ఉంటుంది. దాన్ని నిలువుగా పెట్టాలని రాషీ అన్నాడు. అడ్డంగా పెట్టాలని ఆయన మనవడు రబ్బేను తామ్ అన్నాడు. మధ్య, తూర్పు యూరప్ సంప్రదాయపు యూదులు దాన్ని ఏటవాలుగా బిగిస్తారు, ఇద్దరి మాటా పోనివ్వకుండా.

3. యెహోషువ నడక

మాటలకు చోటిస్తే సరిపోతుందా? పని దగ్గర ఏం చేయాలి? ఇద్దరు రెండు పంచాంగాలు పట్టుకుంటే పండుగ ఏ రోజు? సా.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని పడగొట్టారు. గుడి లేదు, రాజు లేడు. చెదిరిన జనాన్ని కలిపి ఉంచడానికి మిగిలినవి శాస్త్రమూ పంచాంగమూ మాత్రమే. యావ్నె అనే ఊళ్లోని విద్యాసభకు రబ్బన్ గమలీయేలు అధిపతి. నెలపొడుపు చూశామని వచ్చిన సాక్షులను ఆయన నమ్మి నెల ప్రకటించాడు. ఆ సాక్ష్యం పొసగదని రబ్బీ యెహోషువ అన్నాడు. ఆయన లెక్క ప్రకారం మహాప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ మరుసటి రోజున పడుతుంది.

గమలీయేలు కబురు పంపాడు. నీ లెక్కకు యోమ్ కిప్పూర్ అయిన రోజున, చేతికర్రా డబ్బూ పట్టుకుని నా దగ్గరికి రావాలని. ఆ పవిత్రదినాన డబ్బు ముట్టుకోకూడదు. అంటే తాను నమ్మినదాన్ని తానే నలుగురిలో అతిక్రమించాలి. యెహోషువ కుమిలిపోయాడు. పండుగల రోజులను నిర్ణయించే అధికారం ధర్మసభదేనని, అది పొరపడినా ఆ నిర్ణయం చెల్లుతుందని రబ్బీ అకీవా నచ్చజెప్పాడు. ఈ సభ తీర్పును ప్రశ్నిస్తే మోషే నాటినుంచి ఉన్న ప్రతి సభ తీర్పునూ ప్రశ్నించవలసి వస్తుందని, యెహోషువ పక్షాన నిలిచిన ఒక పెద్దాయనే అన్నాడు. చివరికి యెహోషువ కర్ర పుచ్చుకుని నడిచాడు. గమలీయేలు లేచి నిలబడి ఆయన తలను ముద్దాడి, జ్ఞానంలో నువ్వు నా గురువువి, నా మాట పాటించావు గనుక నా శిష్యుడివి అన్న భావంతో లోపలికి ఆహ్వానించాడు.

యెహోషువ తన లెక్క తప్పని ఒప్పుకున్నట్టు మిష్నా ఎక్కడా చెప్పలేదు. ఒప్పుకోమని ఆయన్ని ఎవరూ అడగలేదు కూడా. నడక ఇచ్చాడు, లెక్క తన దగ్గరే ఉంచుకున్నాడు. సభను ధిక్కరించిన పండితుడి గురించి శాస్త్రం గీసిన గీత కూడా ఇక్కడే ఉంది. ఆ నేరానికి శిక్ష చాలా కఠినం. కానీ మహాసభ తీర్పు తర్వాత అతను తన ఊరికి పోయి తన అభిప్రాయాన్ని ఎప్పటిలా బోధిస్తే తప్పు లేదు. ఆ ప్రకారం నడవండని జనానికి తీర్పు చెబితేనే నేరం.

ఇక్కడ మీలో కొందరికి అభ్యంతరం తోస్తుంది. నమ్మనిది చేయించడం కపటం కాదా అని. నేనలా అనుకోను. ఏ రోజు పండుగ అన్నది అందరూ కలిసి చేస్తేనే అర్థముండే పని. అలాంటి పనిలో తన లెక్కను పక్కన పెట్టడం తోటివారి కోసం చేసే త్యాగం. దాన్ని త్యాగమని గుర్తించి సభాపతి లేచి నిలబడ్డాడు. అలా గుర్తించకపోయి ఉంటే అది అణచివేతగా మిగిలేది.

ఆ తేడా మరోసారి తేటతెల్లమైంది. ఇంకో వాదంలో గమలీయేలు యెహోషువను సభలో నిలబెట్టి అవమానించాడు. సభ ఊరుకోలేదు. అధిపతినే పదవి నుంచి దించింది. ఇంతకుముందు కొందరికే తెరిచిన విద్యాసభ తలుపులను అందరికీ తెరిచింది. ఆ రోజున కొత్తగా వందల బల్లలు వేయవలసి వచ్చిందని తల్మూదు చెబుతుంది. గమలీయేలు క్షమాపణ కోరడానికి యెహోషువ ఇంటికి వెళ్లినప్పుడు పొగచూరిన గోడలు చూసి, ఈ పండితుడు ఎంత పేదరికంలో బతుకుతున్నాడో తెలుసుకున్నాడు.

4. ఎలియెజెర్ కన్నీళ్లు

ఇప్పుడు చీకటి వైపు చూద్దాం. ముక్కలుగా కోసి ఇసుకతో అతికిన ఒక మట్టి పొయ్యి శుద్ధమా, మైలపడుతుందా అని తగవు వచ్చింది. రబ్బీ ఎలియెజెర్ శుద్ధమే అన్నాడు. తక్కిన పండితులంతా కాదన్నారు. ఆయన మాటకు సాక్ష్యంగా చెట్టు వేళ్లతో సహా లేచి దూరాన పడింది, కాలువ వెనక్కి పారింది, విద్యాసభ గోడలు ఒరిగాయి. చివరికి ఆకాశవాణి సైతం ఆయన పక్షమే పలికింది. అప్పుడు మన రబ్బీ యెహోషువే లేచి, ధర్మశాస్త్రం ఆకాశం నుంచి దిగి భూమ్మీదికి వచ్చేసింది, ఇక తీర్పు మనుషుల్లో ఎక్కువమందిదేనన్న అర్థంలో బదులు చెప్పాడు. దేవుడు తన బిడ్డలు తనను గెలిచారని నవ్వుకున్నాడట.

సాధారణంగా ఈ కథను ఇక్కడే ఆపేసి మెచ్చుకుంటారు. తల్మూదు ఆపలేదు. ఎలియెజెర్ శుద్ధమని చెప్పిన వస్తువులన్నీ తెచ్చి కాల్చేశారు. ఆయన్ని వెలివేశారు. ఆ కబురు మోటుగా చెబితే లోకమే తలకిందులవుతుందని భయపడి అకీవా తానే వెళ్లాడు. నల్లబట్టలు కట్టుకుని గురువుగారికి నాలుగు మూరల దూరాన కూర్చున్నాడు. వెలిపడ్డవాడికి అంతకన్నా దగ్గరగా కూర్చోకూడదు. ఎలియెజెర్ బట్టలు చించుకుని, చెప్పులు విడిచి, నేలమీద కూర్చుని ఏడ్చాడు. ఆ కన్నీటికి పంటలో మూడో వంతు పాడైందని కథ. కొంతకాలానికి గమలీయేలు కన్నుమూశాడు. ఎలియెజెర్ భార్య ఇమా షాలోమ్ గమలీయేలుకు తోబుట్టువు. ఆ చావుకు కారణం చెబుతూ, తక్కిన వాకిళ్లన్నీ మూసుకున్నా, నొప్పించబడినవారి మొర పోయే వాకిలి ఒక్కటే మూసుకోదని ఆమె అంది.

ఈ కథ తల్మూదులో ఏ అధికారచర్చలోనూ రాదు. మాటతో మనిషిని నొప్పించడం ఎంత పాపమో చెప్పే చోట వస్తుంది. అంటే సంకలనకర్తల తీర్పు స్పష్టం. ఎక్కువమంది మాట నిలవడం న్యాయమే, ఓడినవాణ్ణి ఏడిపించడం అన్యాయం. ఎలియెజెర్ మీద వెలి ఆయన ప్రాణం పోయాకే తొలగింది. అప్పుడు లేచి వెలి తీరిందని ప్రకటించినది ఆనాడు ఎదిరించిన యెహోషువే. బతికుండగా తొలగించి ఉంటే ఎంత బాగుండేదో!

5. ఆమ్‌స్టర్‌డామ్, 1656

ఆ నాలుగు మూరలు మళ్లీ కనబడతాయి. 1656 జులై 27న ఆమ్‌స్టర్‌డామ్‌లోని పోర్చుగీసు యూదుల ప్రార్థనామందిరంలో ఒక వెలి ప్రకటన చదివారు. అది తర్వాతి కాలంలో తత్వవేత్తగా పేరొందిన బారుఖ్ స్పినోజా మీద. అతనికి అప్పుడు 23 ఏళ్లు. అతనితో మాట్లాడకూడదు, ఉత్తరం రాయకూడదు, ఒకే కప్పు కింద ఉండకూడదు, నాలుగు మూరల దగ్గరికి పోకూడదు, అతను రాసినది చదవకూడదు. అతని తప్పుడు అభిప్రాయాలు, చెడు పనులు అన్నారే గాని, అవేమిటో ఆ ప్రకటనలో విడమర్చి చెప్పలేదు. శిక్ష ప్రతి వివరంతోనూ ఉంది, ఓడిన మాట మాత్రం పుస్తకంలో లేదు. మిష్నా నేర్పిన మర్యాద అక్కడ తప్పిపోయింది.

ఎందుకు తప్పింది? ఆ సంఘాన్నీ అర్థం చేసుకోవాలి. వాళ్లు స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో బలవంతంగా క్రైస్తవంలోకి మార్చబడ్డవారి సంతతి. కొన్ని తరాలపాటు విశ్వాసాన్ని గుట్టుగా దాచుకుని, మతవిచారణ సభల మంటలు తప్పించుకుని, డచ్చి నేలకు చేరారు. ఎవరు యూదులు, ఎవరు కారు అన్నది వారిలో వారికే కొత్తగా తేల్చుకోవలసిన విషయం. ఆశ్రయమిచ్చిన నగరం తమను నాస్తికులకు కొమ్ముకాసేవారనుకుంటే మళ్లీ దారిలేని బతుకు. 1640లో అదే సంఘం ఊరియెల్ డ కోస్టా అనే అసమ్మతివాదిని చాలా ఏళ్ల వెలి తర్వాత తిరిగి చేర్చుకుంటూ, సభలో కొరడాదెబ్బలు కొట్టి, గడప దగ్గర పడుకోబెట్టి అందరిచేతా దాటించింది. కొద్దిరోజులకే అతను ఆత్మహత్య చేసుకున్నాడు.

భయపడిన సంఘం నడతతో తృప్తిపడదు. మనసు కూడా తన స్వాధీనంలో ఉండాలంటుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది, దాని తీర్పును మాత్రం ఒప్పుకోలేను. ఇది మా బోధ కాదు అని చెప్పే హక్కు ఆ పెద్దలకు ఉంది. ఇరవై మూడేళ్ల కుర్రవాడికి తోడబుట్టినవారి పలకరింపు కూడా లేకుండా చేసే హక్కు ఎవరికీ లేదు. స్పినోజా 1677లో చనిపోయేదాకా ఆ గుంపులోకి తిరిగి రాలేదు, క్రైస్తవుడూ కాలేదు. ఆ వెలిని ఈనాటికీ ఎత్తివేయలేదు.

6. శాస్త్రం అడగనిది

ఈ కాలానికి వద్దాం. మీలో చాలామంది 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన అన్‌ఆర్థడాక్స్ ధారావాహిక చూసి ఉంటారు. న్యూయార్క్‌లోని హసీదీలనే నిష్ఠాపరుల సమాజం ఒకదాని నుంచి తప్పించుకునే అమ్మాయి కథ. అలా బయటికి వచ్చేవారికి చదువు, ఉద్యోగం చూసుకోవడంలో తోడ్పడడానికి 2003లో అక్కడ ఫుట్‌స్టెప్స్ అనే సంస్థ పుట్టింది. ఇజ్రాయెల్‌లో హరేదీలనే అతినిష్ఠాపరులు జనాభాలో సుమారు 14 శాతం. నల్లకోటు, తెల్లచొక్కా, నల్లటోపీ వారి గుర్తు. టోపీ అంచు, మేజోళ్ల రంగు చూసి ఎవరు ఏ వర్గమో తెలిసినవారు చెప్పేస్తారు.

శాస్త్రం ఇదంతా అడిగిందా? ఉన్నీ, నార కలిపి నేసిన బట్ట వద్దంది. నాలుగు మూలలున్న వస్త్రానికి కుచ్చులు కట్టమంది. నిరాడంబరంగా ఉండమంది. నల్లరంగే వేసుకోమని ఎక్కడా అనలేదు. అడుగుతున్నది ఇరుగుపొరుగు. దాని చేతిలో ఉన్న పెద్ద ఆయుధం పెళ్లిసంబంధం. అబ్బాయి వేరే రకం టోపీ పెట్టినా, అమ్మాయి వేరే కళాశాలలో చదివినా, అన్నయ్య మతనిష్ఠ వదిలినా, తక్కిన పిల్లలకు సంబంధాలు తగ్గుతాయని తల్లిదండ్రుల దిగులు. ఈ దిగులు తెలుగు తల్లిదండ్రులకు నేను వివరించనక్కర్లేదు. శాస్త్రం వదిలిన ఖాళీలను భయం నింపుతుంది. అప్పుడు చావునాటి తెల్లబట్ట పేదవాడి పరువు కాపాడినట్టు ఈ నల్లకోటు ఎవరి పరువూ కాపాడదు, వేరుగా ఉన్నవారిని పట్టిచ్చే సాధనమవుతుంది.

అదే సమాజాల్లో రోగికి వండి పంపే ఇళ్లు, వడ్డీ లేకుండా అప్పిచ్చే నిధులు, పిలవగానే పరుగెత్తి వచ్చే అంబులెన్సు సేవకులు ఉన్నారు. పురిటింట్లో, చావింట్లో ఎవరూ ఒంటరిగా మిగలరు. బయటికి వెళ్లినవారు ముందుగా బెంగపెట్టుకునేదీ దీని గురించే. ఈ రెండో నిజాన్ని దాచి మొదటిదే చెబితే నేను మాస్టారి షరతు తప్పినట్టే.

లోపల ఉంటూనే కొత్తదారి వేసినవారు లేరా? ఉన్నారు. క్రాకోవ్‌లో సారా షెనీరెర్ అనే దర్జీ ఉండేది. 1883లో పుట్టింది. మగపిల్లలకు మతపాఠశాలలున్నాయి, ఆడపిల్లలు పోలిష్ బడులకు వెళ్లి ఇంటి విశ్వాసానికి దూరమవుతున్నారు. ఆడపిల్లలకు పద్ధతిగా తోరా చదువు చెప్పే బడి అన్నది ఆ వాతావరణంలో ఊహకందని మాట. ఆమె బెల్జ్ వంశపు గురువును ఆశ్రయించి దీవెన పొంది, 1917లో కొద్దిమంది పిల్లలతో బడి పెట్టింది. అదే బేత్ యాకోవ్ ఉద్యమమైంది. 1935లో ఆమె చనిపోయేనాటికి తూర్పు యూరప్‌లో వందల బడులున్నాయి. మొదట అనుమానించిన సమాజమే ఈనాడు తన ఆడపిల్లలను ఎక్కువగా బేత్ యాకోవ్ బడులకే పంపుతోంది. నిన్నటి ఉలిపికట్టె దారి ఇవాళ ఊరి దారి అయింది. ఆమెకు దీవెన దొరక్కపోయి ఉంటే ఆ సమాజం ఒక తరం ఆడపిల్లలను పోగొట్టుకునేది.

7. కొచ్చిలో, చేబ్రోలు పక్కన

వ్యక్తికీ సంఘానికీ మధ్య ఈ తగవు మన దేశంలో మరో రూపంలో వచ్చింది. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి ప్రార్థనామందిరం ఉంది. ఒకప్పటి బానిసల సంతతి అని పేరుపడ్డ యూదులను అక్కడ బల్లల మీద కూర్చోనిచ్చేవారు కారు, తోరా చదవడానికి పిలిచేవారు కారు. వారికి ముందుగదిలో నేలే గతి. ఆ కుటుంబాల్లో పుట్టిన అబ్రహాం బరాక్ సేలం న్యాయవాది, కొచ్చి శాసనసభ సభ్యుడు. గాంధీగారి సత్యాగ్రహాన్ని ఆయన ప్రార్థనామందిరంలోకే తీసుకొచ్చాడు. వేరే మందిరం కట్టుకోలేదు, మతం మారలేదు. ఇదే నా మందిరం, ఇక్కడే నా చోటు అని పట్టుబట్టాడు. ఆంక్షలు ఒక్కొక్కటే తొలగిపోయాయి. ఆయన్ని యూదుల గాంధీ అని పిలిచేవారు. 1967లో కన్నుమూశాడు.

ఇది సేలం కొత్తగా కనిపెట్టిన హక్కు కూడా కాదు. మధ్యయుగంలో రైన్ నదీతీరపు యూదు పట్టణాల్లో అన్యాయం జరిగిన మనిషి లేచి సామూహిక ప్రార్థననే ఆపించవచ్చు. తన మొర వింటామని పెద్దలు మాట ఇచ్చేదాకా ప్రార్థన సాగేది కాదు. పదిమంది దైవసన్నిధి ఒక్కరి న్యాయం కోసం ఆగేది.

మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు సమాజం ఉంది. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిముకు చెందినవారమని వారి విశ్వాసం. మాదిగ పల్లెల్లో పుట్టి పెరిగిన కుటుంబాలు అవి. 1991లో ప్రార్థనామందిరం ఏర్పరచుకున్నారు. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వారితో మెలిగి రాసిన పుస్తకం 2013లో వచ్చింది. వారు హెబ్రూ నేర్చుకుంటున్నారు, విశ్రాంతి దినం పాటిస్తున్నారు. వారి ముందున్న ప్రశ్న ఇది. దూరదేశపు రబ్బీలు మెచ్చేలా తమను మలచుకోవాలా, తమ పల్లె జ్ఞాపకాలనూ తెలుగు మాటనూ నిలుపుకోవాలా? సేలం అన్ని నియమాలూ పాటించినా మొదట పీట దక్కలేదు. వీరికీ అదే అనుభవం ఎదురవుతోంది. పీట వేయకుండా పోలిక అడగడం బేరంలో ఒక పక్కనే ఎగ్గొట్టడం.

8. నా తీర్పు

ఇంతవరకు చెప్పినదాన్ని మూడు పరీక్షలుగా కుదిస్తాను. ఏ మతసంఘమైనా, ఆ మాటకొస్తే ఏ సంఘమైనా, వీటికి నిలవాలి.

మొదటిది, అది అడిగేది నిజంగా అందరూ కలిసి చేయవలసిన పనేనా? పండుగ రోజు ఏదన్నది అలాంటిది. టోపీ అంచు అలాంటిది కాదు. రెండోది, ఓడిన మాట పుస్తకంలో ఉందా? హిల్లేల్ వారు దాన్ని ముందు చెప్పారు, ఆమ్‌స్టర్‌డామ్ పెద్దలు దాన్ని చెప్పనే లేదు. మూడోది, ఆ మాట అన్న మనిషి ఎక్కడ కూర్చున్నాడు? గమలీయేలు లేచి ముద్దాడిన చోటనా, నాలుగు మూరల అవతలా?

వ్యక్తి వైపున కూడా బాధ్యతలున్నాయి. నాకు తోచిందే వేదం అనుకునేవాడు యెహోషువ నడిచిన దారి నడవలేడు. కలిసి చేయవలసిన చోట కలవాలి. మార్పు కోరేవారు సారా షెనీరెర్‌లా పెద్దల తలుపు తట్టాలి. న్యాయం కోరేవారు సేలంలా ఉన్నచోటే నిలబడి అడగాలి. అన్నీ చేసినా మనసు ఒప్పకపోతే బయటికి వెళ్లే దారి ఉండాలి, వెళ్లినవారికి ఇంటి తలుపు తెరిచే ఉండాలి.

వెలి అనే మాట మనకు పుస్తకాల్లోది కాదు. మన పల్లెల్లో ఈనాటికీ కులపెద్దలు కుటుంబాలను వెలివేసి, పలకరిస్తే జరిమానా అంటున్న వార్తలు చదువుతున్నాం. అందుకే ఈ సభలో ఉన్న సంఘాల పెద్దలకు, గుడి, మసీదు, చర్చి కమిటీల సభ్యులకు, కాలనీ సంఘాల కార్యదర్శులకు, ఇళ్లలో పెద్దరికం చేస్తున్నవారికి నా మనవి ఒక్కటే. తీర్మానం చేసినప్పుడు ఎదురు చెప్పినవారి మాటనూ వారి కారణాలనూ మీ మినిట్స్ పుస్తకంలో రాయించండి. వాళ్ల పిల్లల సంబంధాలకు, వాళ్ల ఇంటి శుభాశుభాలకు ఆ తీర్మానం అడ్డు రానివ్వకండి. రాబోయే సమావేశంలో వాళ్లనే ముందుగా మాట్లాడమనండి.